నిలబెట్టిన కర్ర

కడప,
8 సెప్టెంబర్ 2003

శివా,

కవరు మీద చేతిరాత చూసి ఎవరిదా అని వెనక్కి తిప్పి ఉంటావు. నేనే, పద్మప్రియను. కర్నూలు హాస్టల్లో నీ పక్క మంచం దాన్ని. రెండేళ్లుగా ఉత్తరం రాయనందుకు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేసి తర్వాత చదువు.

నా సంగతి మామూలే. మధ్యాహ్నం దాకా మా అన్న వేణుగోపాల్ స్టీలు సామాన్ల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. సాయంత్రం ఒక బడి హాల్లో ఆడపిల్లలకు కరాటే నేర్పుతాను. ఇంటి నిండా మనుషులే, మాట్లాడడానికి మాత్రం ఎవరూ దొరకరు. వదిన దృష్టిలో నేను పొద్దున్నే మిద్దె మీద ఎగిరి కింది గదిలో సున్నం రాల్చే మనిషిని.

అసలు విషయానికి వస్తాను. మా హెడ్‌మిస్ట్రెస్ రత్నమణి గారు వార్షికోత్సవానికి పిల్లల చేత యుద్ధవిద్యల మీద ఒక ప్రదర్శన చేయించమన్నారు. కరాటే నాకు వచ్చు. జూడోలో మొదటి పాఠం కింద పడడమేననీ, దెబ్బ తగలకుండా పడడం వచ్చాకే ఎదుటి మనిషిని పడేయడం నేర్పుతారనీ చెప్పగలను. టైక్వాండోలో చేతికంటే కాలికి పని ఎక్కువని చెప్పగలను. అంతలో ఒక పిల్ల లేచి, ఇవన్నీ జపానువీ కొరియావీ కదా మిస్, మనకంటూ ఏమీ లేవా అని అడిగింది. అప్పుడు మీ నాయన గుర్తొచ్చారు.

డిగ్రీ చివరి సెలవుల్లో మీ ఊరికొచ్చి నేను చేసిన ఘనకార్యం నువ్వు మరిచిపోయి ఉండవు. మీ గరిడి నాకిప్పటికీ కళ్లముందుంది. మధ్యలో ఎర్రమట్టి పోసిన కుస్తీ గోదా, గోడల వెంట నిలబెట్టిన కర్రలు, ఊరంతా ఉస్తాద్ అని పిలిచే మీ నాయన సుంకప్ప గారు. ఆయన కర్రసాము చూసి మనసు నిండిపోయి, కరాటే పద్ధతిలో వంగి నమస్కారం చేసి, ఆయన కర్రను భక్తిగా ఆయన కాళ్ల ముందు నేలమీద పడుకోబెట్టాను. గరిడిలో తిరుగుతున్న కర్రలన్నీ ఆగిపోయాయి. మీ గరిడిలో మనిషి బతికున్నంత కాలం అతని కర్ర గోడకు నిలబడే ఉండాలనీ, పోయాకే పడుకోబెడతారనీ నాకేం తెలుసు? ఏడుపొక్కటే తక్కువ. ఉస్తాద్ మాత్రం నవ్వారు.

"నన్ను అప్పుడే సంపేస్తివి గదమ్మా. సరేలే, నేను పోయినాక నువ్వే వచ్చి పండబెట్టు. ఇంకెవురూ దాన్ని ముట్టగూడదు" అన్నారు.

ఆయన ఎలా ఉన్నారు? అడిగి రాయి శివా. కర్ర ఎంత పొడవుండాలి? మొదటి రోజు ఏం నేర్పుతారు? జోడీ ఎలా ఆడతారు? నాకు కొంచెం తెలుసు గానీ పిల్లలకు తప్పు చెప్పకూడదు.

నీ
ప్రియ


కరిగుడ్డం, ఆలూరు మండలం,
22 సెప్టెంబర్

ప్రియా,

తిట్టడం అయిపోయింది. అంగన్‌వాడీ పిల్లలకు గుగ్గిళ్లు పెట్టి పంపించేసి, గరిడికి పోయి, నాయన కర్ర పక్కన చాప వేసుకుని నీ ఉత్తరం పైకి చదివాను. నీ ఘనకార్యం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాను. నేను నవ్వి చాలా రోజులైంది.

నీ ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే అడిగాను. కర్ర పట్టేవాళ్ల చెవి దాకా ఉండాలి. అంతకు మించితే తిప్పేటప్పుడు నేలకు తగులుతుంది, తగ్గితే ఎదుటి దెబ్బను ఆపలేదు. లోపల గుల్ల లేని వెదురు చూసి కోసి, నీడలో ఆరబెట్టి, కొన్నాళ్లు పొయ్యి పైన పొగకు వేలాడదీసి, ఆముదం పట్టించాలి. తొందరపడి ఎండలో పెడితే పగులుతుంది.

మొదటి రోజు చేతికి కర్ర ఇవ్వరు. నేలమీద సున్నంతో చదరం గీసి అడుగులు నేర్పుతారు. ముందుకు, పక్కకు, వెనక్కి, మళ్లీ ముందుకు. మొగపిల్లలకు అక్కడే విసుగొస్తుంది. వాళ్లతో నాయన అనే మాట నువ్వూ విన్నావు, "కాలు తప్పినోనికి కర్రేం జేస్తాదప్పా" అని. అడుగులు కుదిరాక ఒంటి కర్ర. మొదట నడుము చుట్టూ, తర్వాత తలమీద, ఆ తర్వాత వీపు వెనక చేయి మార్చడం. బాగా తిప్పేవాళ్ల కర్ర కంటికి కనపడదు, గాలి చప్పుడొక్కటే వినపడుతుంది.

అన్నిటికంటే చివర జోడీ. ఇద్దరూ కర్ర కొనలు నేలకు తాకించి, తర్వాత ఒకరి కొనకు ఒకరు తాకిస్తారు. దాన్ని సలామీ అంటాం. సలామీ లేకుండా కొట్టింది దెబ్బ కాదు, దౌర్జన్యం. ఒంటరిగా ఎన్నేళ్లు తిప్పినా కొట్టడమే వస్తుంది. ఆపడం రావాలంటే ఎదురుగా మనిషి ఉండాలి. హాస్టల్ మిద్దె మీద మన ఇద్దరం ఆడింది గుర్తుందా? నీ తర్వాత నాయన తప్ప నాకు సరైన జోడీ దొరకలేదు.

నాయన ఎలా ఉన్నాడని అడిగావు. కర్ర గోడకు నిలబడే ఉంది. ఇంకా ఏమైనా తెలుసుకోవాలంటే రాయి. నువ్వు అడిగితే ఆయనతో మాట్లాడడానికి నాకూ ఒక పని దొరుకుతుంది.

శివ


కడప,
27 అక్టోబర్ 2003

శివా,

నీ ఉత్తరం పిల్లలకు చదివి వినిపించాను. సున్నం చదరం గీసి అడుగులు వేయించాను. నువ్వు చెప్పినట్టే మొదటి పావుగంటకే విసుగు మొహాలు పెట్టారు. ఉస్తాద్‌కి చెప్పు, ఆడపిల్లలూ ఏం తక్కువ తినలేదని.

మా పద్ధతి కూడా ఆయనకు చెప్పు. మేం హాల్లోకి అడుగుపెట్టే ముందు వంగి నమస్కరిస్తాం. తెల్లబట్టలు, నడుముకు పట్టీ. పట్టీ రంగు మారిన రోజు పిల్లలు దాన్ని ఇంటిదాకా విప్పరు. అందరూ వరసల్లో నిలబడి ఒకే దెబ్బను చేతులు లాగేదాకా కొడతారు. కాటా అని ఒకటుంది. ఎదురుగా ఎవరూ ఉండరు. ఉన్నారనుకుని, ఆ లేని మనిషి కొట్టబోయే దెబ్బను ఆపి, తిరిగి కొట్టి, పక్కకు తిరిగి అక్కడా లేని మనిషిని ఎదుర్కోవాలి. చూసేవాళ్లకు నాట్యంలా ఉంటుంది. చేసేవాళ్లకు మాత్రం ఆ మనిషి కనపడాలి. ఈ మధ్య నేను మిద్దె మీద రోజూ కాటాయే చేస్తున్నాను.

మొన్న ఇక్కడి పాత తాలింఖానాకు పోయాను. కుస్తీ పట్టే చోటు కదా, పొద్దున్నే దండీలు, బస్కీలు తీస్తున్నారు. గుమ్మం దగ్గరే ఆపేశారు, ఆడవాళ్లు గోదాలోకి రాకూడదట. నాకు ఒళ్లు మండింది. తిరిగి వచ్చేస్తుంటే అక్కడి పెద్దాయన ప్రేమయ్య పిలిచి, గోదా మట్టి గుప్పెడు కాగితంలో కట్టి చేతిలో పెట్టాడు. ఆ మట్టి మెత్తగా, పసుపు వాసన వేస్తూ ఉంది. దాన్ని ఎలా తయారుచేస్తారు? మీ గరిడిలో కర్రసాము, కుస్తీ రెండూ ఒకేచోట ఎందుకు నేర్పుతారు? ఉస్తాద్‌ని అడుగు.

ప్రియ


కరిగుడ్డం,
14 డిసెంబర్

ప్రియా,

ఆలస్యమైంది. వేరుశనగ ఈ ఏడు కూడా ఎండిపోయింది. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. కొందరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు, కొందరు బెంగుళూరు బిల్డింగ్ పనులకు పోయారు. నాయన దగ్గర అందరికంటే బాగా నేర్చుకున్న హనుమేష్ కూడా మీ జిల్లాలోనే మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికి కుదిరాడు. గరిడికి బీగం వేసి ఉంది. తాళంచెవి నా దగ్గరే. పొద్దున పోయి ఊడ్చి వస్తాను.

మట్టి సంగతి. చెరువు ఎర్రమట్టిని రెండుసార్లు జల్లెడ పట్టి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి తొక్కుతారు. రోజూ ఆట మొదలయ్యే ముందు పారతో తవ్వి గుల్ల చేయాలి. తవ్వకుండా వదిలేస్తే నాలుగు రోజుల్లో బండలా గట్టిపడుతుంది, దానిమీద పడితే ఎముకలు మిగలవు. కుస్తీ ఎందుకంటే, కర్ర విరిగిపోతే చేతులే మిగులుతాయి కదా, అందుకని.

నీ కాటా గురించి కూడా చెప్పాను. ఎదురుగా మనిషి లేకుండా ఆడేది ఏం ఆట అని నాయన అంటాడనుకున్నాను. కానీ బాగా ఆలోచిస్తే అదే కష్టమైన ఆట. ఎదుట మనిషి ఉంటే అతని కర్ర చప్పుడు మనల్ని నడిపిస్తుంది. లేని మనిషిని రోజూ తలుచుకుని నిలబెట్టుకోవాలంటే చేసేవాళ్ల ప్రాణం పోతుంది.

నాకు ఒక జొన్నరొట్టె చేసుకుంటే పూట గడిచిపోతుంది. నువ్వు మాత్రం ఉత్తరాలు మానకు.

శివ


కడప,
25 జనవరి 2004

శివా,

నిన్న బస్టాండులో ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో ఒకతను నా ముందుకొచ్చి "ప్రియక్కా" అన్నాడు. హనుమేష్. మంగంపేట నుంచి ఏదో పనిమీద వచ్చాడట. ఉస్తాద్ ఎలా ఉన్నారని అడిగాను. అతను నా మొహం వంక చూసి, "ఉస్తాద్ శ్రావణంలోనే పాయ గదక్కా. నీకు చెప్పలేదా?" అన్నాడు.

శ్రావణం. నేను నీకు మొదటి ఉత్తరం రాయకముందే.

బస్టాండు బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. రెండు ఉత్తరాలు రాశావు. కర్ర చెవిదాకా ఉండాలన్నావు, మట్టిలో మజ్జిగ కలపాలన్నావు. ఆయన పోయాడన్న ఒక్క మాట రాయడానికి నీకు చేయి రాలేదు. నాకు శానా కోపం వచ్చింది. "శానా" అని రాశాను చూడు, నీతో పోట్లాడితే నాకు మీ ఊరి మాటలే వస్తాయి.

మిగతాది కూడా హనుమేష్ చెప్పాడు. కర్ర ఇంకా గోడకే ఉందట. నువ్వు ఎవరినీ ముట్టనివ్వడం లేదట. ఉస్తాద్ కర్ర అలా ఉండగా అక్కడ ఎవరూ ఆడకూడదు కాబట్టే గరిడికి బీగమట. పీర్ల పండగ చివరి రోజు లోపల ఆ కర్రను పడుకోబెట్టి, ఎవరో ఒకరు ఎత్తుకుని పొరుగూరి మనిషితో జోడీ ఆడాలట. అలా జరగకపోతే దాన్ని పీర్ల గుండం మంటల్లో వేసి గరిడి మూసేస్తామని ఊరి పెద్ద ఈరన్న చెప్పేశాడట. ఆయన్నీ తప్పు పట్టలేం. పోయినవాళ్ల కర్ర నిలబడి ఉండడం ఊరికి మంచిది కాదని వాళ్ల నమ్మకం.

నువ్వు నాకెందుకు చెప్పలేదో ఇంటికి వచ్చాక అర్థమైంది. పడుకోబెట్టాల్సింది నేనే కదా. అది ఉస్తాద్ మాట. నాకు కబురు చేస్తే ఆయన పోయినట్టే.

నీమీద కోపం చేసుకునే ముందు నా సంగతి కూడా చెప్పాలి. దసరా సెలవుల తర్వాత ఆ హాల్లో కంప్యూటర్లు పెట్టారు. నా క్లాసు పోయింది, ప్రదర్శనా పోయింది. అక్టోబర్లో నీ ఉత్తరం చదివి వినిపించానన్నానే, వినడానికి పిల్లలెవరూ లేరు. సున్నం చదరంలో అడుగులు వేసి విసుక్కున్నది నేనే. నువ్వు జవాబు రాస్తావని ప్రశ్నలు అడుగుతూ పోయాను. లేని పిల్లల కోసం నేను అడిగాను, లేని మనిషిని అడిగి నువ్వు చెప్పావు.

పండగకు వస్తాను. నువ్వు రమ్మంటేనే వస్తాను.

ప్రియ


కరిగుడ్డం,
3 ఫిబ్రవరి

ప్రియా,

రావద్దు.

శివ


కడప,
9 ఫిబ్రవరి

శివా,

సరే, రాను. ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. జోడీ ఆడేటప్పుడు ఎదుటి మనిషి మధ్యలో కర్ర దించేసి ఊరికే నిలబడిపోతే, రెండో మనిషి ఏం చేయాలి? ఉస్తాద్‌ని అడిగి రాయి.

ప్రియ


కరిగుడ్డం,
17 ఫిబ్రవరి

ప్రియా,

నీ కార్డు పట్టుకుని గరిడికి పోయి ఎప్పటిలాగే చాప వేసుకుని అడిగాను. ఇన్నాళ్లూ ఏది అడిగినా నాయన మాట చెవిలో వినపడేది. ఈసారి ఏమీ వినపడలేదు. మళ్లీ అడిగాను. బయట ఎవరిదో మేక అరుస్తోంది, అంతే.

జవాబు నాకు తెలుసు. ఎదుటి మనిషి కర్ర దించేస్తే కొట్టకూడదు. వదిలేసి పోనూ కూడదు. మన కర్ర కొన ఆ కర్ర కిందికి పోనిచ్చి మెల్లగా పైకి లేపాలి. లేపితే ఆట మళ్లీ మొదలవుతుంది. నాకు ఎనిమిదో తరగతిలో జ్వరమొచ్చి లేచాక నాయన నాతో అలాగే ఆడాడు. నువ్వు ఇది తెలిసే అడిగావు.

ఆయన పోయిన రోజు గరిడి వాళ్లందరూ వచ్చి కర్ర చుట్టూ నిలబడ్డారు. నీకు కబురు పంపమన్నారు. పంపానని అబద్ధం చెప్పాను. అది గోడకు నిలబడి ఉన్నంతసేపు నాకు ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నట్టుండేది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కర్ర పట్టే పిల్ల మాకొద్దని పోయినప్పుడు కూడా నాకింత ఒంటరితనం తెలియలేదు, ఎందుకంటే సాయంత్రమైతే ఆయన సలామీకి నిలబడేవాడు.

ఈరన్న మామను కూడా అడిగాను, ఆడమనిషి ఆ కర్ర ఎత్తితే ఊరు ఒప్పుకుంటుందా అని. ఆయన, "ఉస్తాద్ నీకు నేర్పిచ్చినాడు గదా. మాకేం తెలీదనుకుంటివా? పొరుగూరి జోడీని పిలుసుకో, సాలు" అన్నాడు.

రా ప్రియా. గుంతకల్లు దాకా రైల్లో వచ్చి, అక్కడినుంచి ఆలూరు బస్సెక్కు. ఆలూరులో నేనుంటాను.

శివ


కడప,
8 మార్చి 2004

శివా,

క్షేమంగా చేరాను. కుడిచేతి వేళ్ల వాపు ఇంకా తగ్గలేదు, అందుకే ఈ కోడిగీతలు. అంత గట్టిగా కొట్టాలా నువ్వు? అన్నకు డబ్బా మూత పడిందని చెప్పాను. నమ్మలేదు.

అక్కడ నీతో అనలేని మాట ఒకటుంది. పీర్ల చావిడి ముందు అందరూ చూస్తుండగా ఉస్తాద్ కర్రను చేతిలోకి తీసుకోగానే, 'నువ్వే వచ్చి పండబెట్టు' అన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజు నవ్వుతూ అన్న మాట అది. ఆ నవ్వు నాకు వినపడుతూనే ఉంది. వంగి నేలమీద పెట్టాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నువ్వు ఏడుస్తావనుకున్నాను, నువ్వు నీళ్లు లేని కళ్లతో దాన్నే చూస్తూ ఉన్నావు. చాలాసేపు ఎత్తలేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. డప్పు కొట్టేవాళ్లు ఆపేశారు. ఇక ఎత్తవేమోనని భయమేసింది.

అప్పుడే నేను నా కర్ర కొన దాని కిందికి పోనిచ్చాను. పడుకోబెట్టిన కర్రను అలా ముట్టడం మీ పద్ధతిలో తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తెలియదు. కొంచెం లేచింది. మిగతాది నువ్వు లేపావు.

ఆ తర్వాత నువ్వు సలామీకి కొన తాకించినప్పుడు, హాస్టల్ మిద్దె మీది శివే కనపడింది. మధ్యలో పోయిన ఏళ్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. నీ దెబ్బలు సగం ఆపాను, సగం తిన్నాను. కాటా చేసి చేసి, ఎదుట నిజంగా మనిషి ఉంటే ఎంత నొప్పో మరిచిపోయాను. నొప్పి కూడా బాగుంది.

నువ్విచ్చిన నీ పాత కర్రను నా గదిలో గోడకు నిలబెట్టాను. వదిన చూసి, బట్టలారేసుకునే దండేనికి బాగుంటుందంది. దాన్ని అడ్డంగా పెడితే నేను పోయినట్టేనని చెప్పాను. అప్పటినుంచి నా గది ఊడ్చేటప్పుడు దానికి దూరంగా తిరిగి పోతోంది.

నేను తెచ్చిచ్చిన ప్రేమయ్య మట్టి మీ గోదాలో కలిపావా?

ప్రియ


కరిగుడ్డం,
20 మార్చి

ప్రియా,

కలిపాను. రేపు ఉగాది. వలస పోయినవాళ్లు ఇంకా ఎవరూ తిరిగి రాలేదు. గరిడి తలుపు మాత్రం రోజూ తెరుస్తున్నాను. గోదా మట్టి గట్టిపడిపోయి ఉంది, రోజుకింత పారతో తవ్వుతున్నాను. నిన్న ఈరన్న మామ తలుపు దగ్గర నిలబడి, "ఒక్కదానివే ఏం జేస్తాండావమ్మా?" అన్నాడు. మట్టి తవ్వుతాండానన్నాను. గోదా వంక చూసి పోయాడు. హనుమేష్‌కు ఉత్తరం రాశాను. వస్తాడో రాడో తెలియదు. గనుల్లో కూలి బాగానే గిట్టుతుందట.

పడుకోబెట్టిన కర్ర కింద ఇంకొకరు కొన పెట్టి లేపడం మా పద్ధతిలో ఉందో లేదో నాకూ తెలియదు. నాయన తర్వాత కర్ర ఎత్తింది ఈ గరిడిలో నేనే మొదటిదాన్ని. ఇకనుంచి ఆ పద్ధతి ఉంటుంది.

నీ ఉత్తరం రాగానే అలవాటు ప్రకారం చాప వేసుకుని కూర్చున్నాను. గోడకు నిలబడి ఉన్న కర్ర ఇప్పుడు నాదేనని కూర్చున్నాక గుర్తొచ్చింది. నువ్వు అడిగింది ఎవరిని అడగాలో తెలియలేదు. నాయన పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎవరూ వినేవాళ్లు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇంకా ప్రశ్నలుంటే రాయి ప్రియా. పిల్లలు లేకపోయినా అడుగు. ఈసారి నుంచి జవాబులు నావే, తప్పులుంటే అవీ నావే.

శివజ్యోతి